మిద్దెమీద భోజనం: సెలవుల ప్రయాణంలో ఏ ఊళ్లో, ఏ వేళ, ఏ దిక్కుకు కూర్చోవాలి

సెలవులకు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి బయలుదేరే కుటుంబాలు ఈమధ్య గుళ్లతోనూ కోటలతోనూ పాటు రూఫ్‌టాప్ రెస్టారెంట్‌ను కూడా చూడవలసిన వాటి జాబితాలో ముందే రాసుకుంటున్నాయి. కొత్త ఊరిని పైనుంచి చూస్తూ ఇంటిల్లిపాదీ కలిసి ఒక పూట భోంచేయాలనుకోవడం మంచి కోరిక. దానికోసం మామూలు హోటల్ కంటే కొంత ఎక్కువ ఖర్చు పెట్టడంలోనూ తప్పు లేదు. అయితే ఆ ఎక్కువ డబ్బు దేనికి ఇస్తున్నామో అది మనకు దక్కాలి. చాలామంది ఆన్‌లైన్‌లో రేటింగులూ ఫొటోలూ చూసి, ఇంట్లో అలవాటైన భోజనం వేళకే, అంటే రాత్రి ఎనిమిదింటికి, టేబుల్ చెప్పుకుంటారు. ఫొటోలో కనబడిన సరస్సు గానీ సముద్రం గానీ ఆ వేళకు చీకట్లో కలిసిపోయి ఉంటుంది. అందుచేత రెండు మిద్దెలను పోల్చి ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు, ఆ మిద్దె ఏ దిక్కుకు తెరుచుకుని ఉంది, ఆ దిక్కున చూడదగినది ఏ వేళలో కనబడుతుంది అన్న రెండు సంగతులు ముందు తేల్చుకుని, పేరునూ మెనూనూ ఆ తర్వాత చూడమని నా సలహా.

మన తీరంలో పెరిగిన వారికి ఈ లెక్క తేలికగా అర్థమవుతుంది. మైపాడులోనైనా కొత్తపట్నంలోనైనా సూర్యుడు సముద్రంలోంచి పైకి వస్తాడు. సాయంత్రం రొయ్యల గుంటలూ కయ్యలూ దాటి పడమట నేలమీద కుంకుతాడు. తూర్పు తీరం పొడుగునా ఇదే వరస. విశాఖపట్నం బీచ్ రోడ్డులోనైనా, పుదుచ్చేరి ప్రొమెనేడ్ ఎదుటనైనా, చెన్నైలోనైనా సముద్రానికి ఎదురుగా ఉన్న మిద్దె పొద్దుటి పూటకు పనికివచ్చే మిద్దె. నెల్లూరులో డిసెంబరు నెలలో పొద్దుగుంకేది దాదాపు అయిదూ నలభై అయిదుకు, జూన్‌లో ఆరున్నర దాటాక. విశాఖలో చలికాలంలో అంతకంటే పదిహేను ఇరవై నిమిషాల ముందే పొద్దు వాలుతుంది. ఆ తర్వాత మరో అరగంటకు సముద్రం వైపు మిగిలేది అలల చప్పుడూ గాలీ మాత్రమే. కాబట్టి తూర్పు తీరపు ఊళ్లలో సముద్రం కనబడే మిద్దె కావాలనుకునే వారు అక్కడ రాత్రి భోజనం మానుకుని పొద్దుటి టిఫిన్‌కు వెళ్లడం మేలు. పొద్దుటి వేళ జనమూ తక్కువ, ముందువరుస టేబుల్ కోసం పోటీ కూడా ఉండదు. హోటల్లో గదితోపాటు టిఫిన్ కూడా ఇస్తున్నట్లయితే, దానిని మిద్దెమీదే వడ్డిస్తారా, కింది హాల్లో వడ్డిస్తారా అన్నది గది తీసుకునే ముందే అడగాలి.

తూర్పు సముద్రపు మిద్దెమీద రాత్రి భోజనానికి నిజంగా తగిన సందర్భం ఒకటి ఉంది, అది పున్నమి. పున్నమినాడు ఒకవైపు పొద్దు గుంకే వేళకే రెండోవైపు చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు. పాడ్యమికి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా, విదియకు ఇంకా ఆలస్యంగా లేస్తాడు. చతుర్దశి నాడైతే పొద్దు ఉండగానే చంద్రుడు పైకి వచ్చేస్తాడు కనుక, నీళ్లూ చంద్రుడూ రెండూ వెలుతుర్లో కనబడతాయి. ఫొటోలు తీసేవారికి ఆ సాయంత్రమే ఎక్కువ నచ్చుతుంది. మనకు కార్తీక పున్నమి మీద మక్కువ ఎక్కువే గానీ, నవంబరు మన జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వానల నెల, తుఫాన్ల నెల. పైగా ఆ రోజు సముద్ర స్నానాలకు వచ్చే జనంతో తీరం కిక్కిరిసి ఉంటుంది. మబ్బు లేని పున్నమి కావాలంటే పుష్యం నుంచి ఫాల్గుణం దాకా ఉన్న మూడు పున్నములను చూసుకోవచ్చు. క్యాలెండర్‌లో తిథి చూసి ప్రయాణం పెట్టుకునే అలవాటు మన ఇళ్లలో ఎటూ ఉంది. దానిని ఈ పనికి కూడా వాడుకోవచ్చు.

నెల్లూరుకు వచ్చే చుట్టాలు ఊళ్లో మిద్దెమీద మంచి చోటు ఏది అని అడిగితే, సముద్రం ఆశ పెట్టకూడదు. తీరం ఇరవై కిలోమీటర్ల పైన ఉంది, ఎంత ఎత్తయిన మిద్దె ఎక్కినా ఆ నీళ్లు భోజనంతోపాటు చూసేంత దగ్గరగా రావు. పెన్నా వైపు, రంగనాయకుల గుడి గాలిగోపురం కనబడే వైపు, లేదా స్వర్ణాల చెరువు కనబడే వైపు తెరిచి ఉన్న మిద్దెకు పట్టపగలు ఉన్నప్పుడే తీసుకువెళ్లాలి. సోమశిల నుంచి నీళ్లు వదిలిన రోజుల్లో పెన్నా ఒక తీరుగా ఉంటుంది, ఇసుక తేలిన వేసవిలో మరో తీరుగా ఉంటుంది. రోడ్డు దీపాలూ షాపుల బోర్డులూ మాత్రమే కనబడే మిద్దెలు కూడా ఊళ్లో ఉన్నాయి. గాలి కోసమూ కబుర్ల కోసమూ అవి బాగుంటాయి, దృశ్యం కోసం వాటికి వెళ్లనవసరం లేదు.

సముద్రంలో పొద్దు గుంకడం చూస్తూ సాయంత్రం కూర్చోవాలంటే పడమటి తీరానికి వెళ్లాలి. అందులో మనకు వీలైన ఊరు కేరళలోని వర్కల. శబరి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు, నెల్లూరుల మీదుగానే ఆ దారిన వెళుతుంది. వర్కలలో ఎర్రటి కొండచరియ నేరుగా సముద్రంలోకి దిగినట్లు ఉంటుంది. దాని అంచు పొడుగునా తినుబండారాల చోట్లు వరసగా ఉన్నాయి. కొండచరియే ఎత్తు కనుక అక్కడ మూడంతస్తుల మిద్దె అవసరం లేదు, నేలమీద వేసిన టేబుల్ దగ్గర కూర్చున్నా సముద్రం కిందనే కనబడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది పెద్ద సదుపాయం. గోవాలో చోట్లు ఎక్కువ, పాటల హోరు కూడా ఎక్కువ, అందుచేత పిల్లలతో, పెద్దలతో వెళ్లేవారికి వర్కలనే ముందు చెబుతాను. రెండు చోట్లా జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు; ఆ నెలల్లో చాలా చోట్లు మూసి ఉంటాయి, తెరిచినవి కూడా టార్పాలిన్లు దించుకుని ఉంటాయి. మన పిల్లల వేసవి సెలవుల్లో ఏప్రిల్, మే మొదటి భాగం వరకు ఫరవాలేదు.

ఉదయపూర్: ఒకే సరస్సు, రెండు గట్లు

మిద్దెమీద భోజనానికే ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోదగిన ఊరు మన దేశంలో ఒకటి చెప్పమంటే నేను ఉదయపూర్ చెబుతాను. పిచోలా సరస్సు తూర్పు గట్టున సిటీ ప్యాలెస్, దాని పక్కనే 1651లో కట్టిన జగదీశ్ మందిరం, ఆ గుడి నుంచి కిందికి దిగితే లాల్ ఘాట్, గణగౌర్ ఘాట్ ఉన్నాయి. సరస్సు మధ్య ద్వీపం మీద తెల్లగా కనబడేది జగ్ నివాస్. రెండో జగత్ సింగ్ మహారాణా 1743లో మొదలుపెట్టి 1746లో పూర్తి చేయించిన ఈ వేసవి మహలు ఇప్పుడు లేక్ ప్యాలెస్ హోటల్. ఎదుటి గట్టున హనుమాన్ ఘాట్, అంబ్రాయీ ఘాట్. ఈ రెండు గట్ల మీదా పాత హవేలీల పైన పదుల కొద్దీ రెస్టారెంట్లు ఉన్నాయి. అన్నీ తమ బోర్డుల మీద లేక్ వ్యూ అనే రాసుకుంటాయి, అన్నిటికీ మంచి ఫొటోలే ఉంటాయి. కొత్తగా వెళ్లినవారికి వాటి మధ్య తేడా తెలిసే వీలు లేదు. తేడా అంతా గట్టులో ఉంది.

లాల్ ఘాట్, గణగౌర్ ఘాట్ మిద్దెలమీద కూర్చుంటే మన ముఖం పడమటికి ఉంటుంది. ఎదుట సరస్సు, దాని వెనుక ఆరావళి కొండలు, ఒక కొండ కొసన 1884 నాటి సజ్జన్‌గఢ్ మహలు కనబడతాయి. ఆ కొండల వెనక్కే పొద్దు దిగుతుంది. సాయంత్రం ఈ గట్టుదే. చీకటి పడ్డాక మాత్రం ఇక్కడి నుంచి కనబడేది తక్కువ, ఎందుకంటే దీపాలు పెట్టే పెద్ద కట్టడం, సిటీ ప్యాలెస్, మన వీపు వైపునో పక్కకో ఉండిపోతుంది. హనుమాన్ ఘాట్, అంబ్రాయీ ఘాట్ వైపు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ కూర్చుంటే ప్యాలెస్ గోడ మొత్తం ఎదురుగా, నీళ్లకు అవతల ఉంటుంది. నాలుగు దాటిన తర్వాత పడమటి ఎండ నేరుగా ఆ లేత పసుపు గోడమీద పడి, ఒక్కొక్క కిటికీ, ఒక్కొక్క బురుజు విడివిడిగా కనబడుతుంది. ఎండ పోయాక కాసేపు అంతా బూడిద రంగులో చదునుగా అయిపోతుంది. ఆపైన దీపాలు వెలిగితే అదే గోడ నీళ్లలో తలకిందులుగా ఇంకొకటి కనబడుతుంది. రాత్రి ఈ గట్టుదే.

రెండు గట్లకూ మధ్య కాలినడక వంతెన ఉంది కనుక, ఒకే సాయంత్రం రెండింటినీ చూసుకోవచ్చు. పొద్దు గుంకడానికి ముప్పావు గంట ముందు లాల్ ఘాట్ వైపు ఏదో ఒక మిద్దె ఎక్కి టీ, పకోడీలతో సరిపెట్టుకుని, పొద్దు దిగాక లేచి వంతెన మీదుగా అవతలికి నడిచి, రాత్రి భోజనం హనుమాన్ ఘాట్ వైపు చేయడం నేను చెప్పే పద్ధతి. రెండు చోట్ల బిల్లు ఇచ్చినా, ఒకే ఖరీదైన చోట మూడు గంటలు కూర్చోవడం కంటే ఇది ఎక్కువ కాదు. ఉదయపూర్ మనకంటే బాగా పడమటికి ఉన్నందున వేళలు కొంచెం మారతాయని గుర్తుపెట్టుకోవాలి. అక్కడ జూన్‌లో పొద్దు గుంకేసరికి ఏడుంబావు దాటుతుంది, డిసెంబరులో మాత్రం ఇంచుమించు మనలాగే అయిదూ ముప్పావుకు.

ఈ ఊళ్లో సరస్సు నిండుగా ఉంటేనే మిద్దెకు విలువ. వానలు సరిగా పడిన ఏడాది సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు గట్టును తాకుతూ ఉంటాయి; వానలు తప్పిన ఏడాది ఎండాకాలంలో నీళ్లు బాగా వెనక్కి పోయి అడుగు బయటపడుతుంది. మనకు దసరా, సంక్రాంతి సెలవులు రెండూ మంచి నెలల్లోనే పడుతున్నాయి. చలికాలం రాత్రి నీళ్ల పక్క మిద్దెమీద చలి మనవాళ్లు అనుకునేదాని కంటే గట్టిగా ఉంటుంది, స్వెట్టరు గదిలో వదిలి వెళ్లకూడదు.

కోటల ఊళ్లు

జోధ్‌పూర్‌లో చూడవలసినది ఒకే ఒక్కటి, మెహ్రాన్‌గఢ్. 1459లో రావ్ జోధా మొదలుపెట్టిన ఈ కోట ఊరికి నాలుగు వందల అడుగుల ఎత్తున రాతి గుట్టమీద ఉంది. పాత ఊళ్లో ఏ మిద్దె ఎక్కినా తల పైకెత్తితే అదే. అందుచేత ఇక్కడ మిద్దెల మధ్య పోటీ ఎత్తులో లేదు, కోటకు ఎంత దూరంలో ఉన్నామన్నదే లెక్క. మరీ కింద ఉన్న మిద్దెమీద మెడ నొప్పి పుడుతుంది. ఘంటాఘర్ దగ్గర, తూర్‌జీ కా ఝాల్‌రా అనే పాత మెట్ల బావి చుట్టుపక్కల ఉన్న మిద్దెలు సరైన దూరంలో ఉన్నాయి. దీపాలు వెలిగిన తర్వాత ఈ కోట అందం పెరుగుతుంది కనుక, రాత్రి ఎనిమిదింటి భోజనానికి ధైర్యంగా టేబుల్ చెప్పుకోదగిన ఊరు ఇదే. అయితే నీలం రంగు ఇళ్లన్నీ మిద్దెమీద నుంచి కనబడతాయని ఆశపడి వెళ్లేవారికి ఒక మాట చెప్పాలి: ఆ ఇళ్లు ఎక్కువగా కోట వెనుక వైపు బ్రహ్మపురిలో ఉన్నాయి, వాటిని కోట గోడ పైనుంచి పగటిపూట చూడడం ఉత్తమం.

జైసల్మేర్ కోట 1156 నాటిది, పసుపుపచ్చ ఇసుకరాయితో కట్టినది. లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. ఇక్కడ ఎంపిక సూటిగా ఉంటుంది: కోట లోపలి మిద్దె కావాలా, కోట బయటి మిద్దె కావాలా? లోపలి మిద్దె నుంచి ఊరూ, ఊరి అవతల ఎడారీ కనబడతాయి గానీ కోట కనబడదు, ఎందుకంటే మనం కూర్చున్నది దానిమీదే. బయట, కోటకు పడమట ఉన్న మిద్దెమీద తూర్పు ముఖంగా కూర్చుంటే సాయంత్రపు ఎండలో బురుజులన్నీ తేనె రంగుకు తిరగడం పూర్తిగా కనబడుతుంది. నేను బయటి మిద్దెనే చెబుతాను, దానికి మరో కారణం కూడా ఉంది. ఎడారిలో తక్కువ నీళ్లకు అలవాటుపడి కట్టిన కోట అది. హోటళ్లూ రెస్టారెంట్లూ వాడి వదిలే నీళ్లు పునాదుల్లోకి ఇంకి గోడలు దెబ్బతింటున్నాయని పురాతన కట్టడాల సంరక్షకులు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కోటల్లో ఇదొకటి. అందం చూడడానికి వెళ్లిన మనం ఆ భారంలో మన వంతు వేయకుండా ఉండగలిగితే మంచిది. వేసవిలో అక్కడికి వెళ్లనే కూడదు. మన రోహిణీ కార్తె ఎండలు తట్టుకున్నవారికి కూడా ఆ రాతి మిద్దెలు ఏడు దాటేదాకా సెగలు కక్కుతూనే ఉంటాయి.

తాజ్‌మహల్, గంగ

ఆగ్రాకు జి.టి. ఎక్స్‌ప్రెస్ నెల్లూరు, ఒంగోలుల నుంచి నేరుగా వెళుతుంది కనుక మనవాళ్లు చాలామంది మొదట వెళ్లే ఉత్తరాది ఊరు అదే. తాజ్‌గంజ్‌లో, తాజ్‌మహల్‌కు దక్షిణాన, ఇరుకు సందుల్లో మిద్దెల మీద రెస్టారెంట్లు ఉన్నాయి. వాటిలో రాత్రి భోజనానికి టేబుల్ చెప్పుకోవడం పూర్తిగా వృథా, ఎందుకంటే తాజ్‌మహల్‌కు రాత్రిపూట దీపాలు వేయరు. పున్నమికి ముందు రెండు రాత్రులూ, పున్నమి రాత్రీ, తర్వాత రెండు రాత్రులూ పరిమితంగా టికెట్లిచ్చి లోపలికి పంపుతారు, శుక్రవారాల్లోనూ రంజాన్ నెలలోనూ అదీ ఉండదు. మిద్దెమీద కూర్చున్నవారికి మాత్రం చీకట్లో నల్లటి గుమ్మటం ఆకారమే. ఇక్కడికి పొద్దున ఏడింటికి గానీ సాయంత్రం నాలుగింటికి గానీ వెళ్లి టీ తాగి రావాలి. ఆ వేళల్లో ఎండ పక్కనుంచి పడి పాలరాయి మీద నీడలు తేలతాయి. డిసెంబరు చివర, జనవరిలో మంచు పొద్దున పది దాకా కదలకపోవచ్చు. సంక్రాంతి సెలవుల్లో వెళ్లేవారు సాయంత్రాన్నే నమ్ముకోవాలి. మరీ ఎత్తు తక్కువ మిద్దె అయితే ముందున్న పెద్ద ద్వారమూ చెట్లూ అడ్డు వచ్చి గుమ్మటం పై భాగమే కనబడుతుంది, కాబట్టి టేబుల్ దగ్గర కూర్చునే ముందు ఒకసారి నిలబడి చూసుకోవాలి. తాజ్‌మహల్‌కు శుక్రవారం సెలవు. రైలు లెక్కవల్ల ఆగ్రాలో శుక్రవారమే గడపవలసి వస్తే ఆ మిద్దెలే దిక్కు.

కాశీలో ఘాట్లన్నీ గంగకు పడమటి గట్టున ఉన్నాయి, అవతలి గట్టు ఖాళీ ఇసుక మేట. ప్రతి మిద్దె తూర్పుకే చూస్తుంది, కనుక ఎంచుకోవడంలో కష్టం లేదు: పొద్దుటి పూట వెళ్లాలి. జూన్‌లో అక్కడ అయిదూ పదికే సూర్యోదయం, డిసెంబరులో ఆరూ నలభైకి. భోజనానికి మనవాళ్లకు పాండే హవేలీ ప్రాంతంలో ఆంధ్ర ఆశ్రమం ఉంది, అన్నం పప్పు అక్కడ దొరుకుతాయి. మిద్దెకు టీ కోసమే వెళితే చాలు. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్ హారతి మిద్దెమీద నుంచి చూడాలనుకుంటే, దూరంగా పక్కనుంచి దీపాల వరసా పొగా కనబడతాయి. మంత్రమూ గంటలూ ఆ దగ్గరితనమూ కావాలంటే మెట్ల మీదనో పడవలోనో కూర్చోవడం నయం. నడవలేని పెద్దలకూ, తొక్కిసలాటంటే భయపడేవారికీ మాత్రం మిద్దె మంచిది. శ్రావణ భాద్రపదాల్లో గంగ పొంగి మెట్లు మునిగితే హారతినే ఒక మిద్దెమీదికి మారుస్తారు, అప్పుడు పడవలు కూడా తిప్పరు. కార్తీక పున్నమి దేవదీపావళి నాడు ఘాట్లన్నీ దీపాలతో నిండుతాయి. ఆ ఒక్క రాత్రికి ఘాట్ మీది ప్రతి మిద్దెకూ ధర పెంచి ముందుగానే అమ్మేస్తారు, అయినా ఇవ్వదగిన డబ్బే.

మెట్లు, వంటగది, బిల్లు

ఊరూ దిక్కూ తేలాక మిగిలినవి ఫోన్‌లో అడిగి తెలుసుకోదగినవి. మొదటిది లిఫ్టు. పాత హవేలీల్లో లిఫ్టు ఉండడం అరుదు. మెట్లు ఇరుకు, ఒక్కొక్క మెట్టు మన ఇళ్ల మెట్ల కంటే ఎత్తు, మలుపుల్లో పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. ఎక్కడం కంటే భోజనం తర్వాత చీకట్లో దిగడమే పెద్దవాళ్లకు కష్టం. నాన్నమ్మ, తాతయ్య వెంట ఉంటే అయిదో అంతస్తు దృశ్యం కంటే రెండో అంతస్తు వరండా మేలు. పసిపిల్లలుంటే పిట్టగోడ ఎత్తు అడగాలి, టేబుల్‌ను గోడకు ఆనించి వేయనివ్వకూడదు, ఎందుకంటే కుర్చీ ఎక్కిన పిల్లవాడికి నడుమెత్తు గోడ మోకాలెత్తే అవుతుంది.

రెండోది వంటగది ఎక్కడ ఉందన్నది. ఎక్కువ చోట్ల వంట కింద, వడ్డన నాలుగు అంతస్తుల పైన. గుడ్డ కప్పిన బుట్టలో పుల్కాలు పెట్టుకుని కుర్రవాడు మెట్లెక్కి వచ్చేసరికి పైవి రెండూ చల్లారి, అడుగువి చెమ్మకు మెత్తబడి ఉంటాయి. వాటిమీద నెయ్యి అప్పటికే గడ్డకట్టి తెల్లగా కనబడుతుంది. సముద్రపు మిద్దె అయితే గాలి ఇంకా తొందరగా చల్లారుస్తుంది. అందువల్ల మిద్దెమీద దోసె, పూరీ, పుల్కా లాంటివి కాకుండా, గిన్నెలో వేడి నిలిచే పులుసు, కూర, బిర్యానీ, దాల్ బాటీ లాంటివి చెప్పుకోవడం తెలివైన పని. రాజస్థాన్‌లో మాంసాహారులకు లాల్ మాస్ తప్పక చెబుతాను. జోధ్‌పూర్ దగ్గరి మథానియా మిరపకాయతో చేసే ఆ ఎర్రటి మటన్ కూర, చేపల పులుసు కారానికి అలవాటుపడ్డ నెల్లూరు నాలుకకు చప్పగా అనిపించదు. అన్నం తప్పనిసరి అనే పెద్దలుంటే, కడుపు నిండా భోజనం కింద మామూలు హోటల్లో ముగించి, పైన టీకో ఐస్‌క్రీముకో వెళితే అందరికీ సుఖం. దృశ్యానికీ భోజనానికీ ఒకే చోట పూర్తి మార్కులు పడడం అరుదు గనుక రెండింటినీ విడదీయడానికి వెనుకాడనవసరం లేదు.

మూడోది భద్రత, ఇందులో మొహమాటం పనికిరాదు. 2017 డిసెంబరు 29న అర్ధరాత్రి దాటాక ముంబై కమలా మిల్స్ ఆవరణలో మిద్దెమీది పబ్బుల్లో నిప్పు అంటుకుని 14 మంది చనిపోయారు. వెదురు, ప్లాస్టిక్ షీటు, పరదాలతో కప్పిన మిద్దె అయితే కిందికి దిగడానికి రెండో దారి ఉందా లేదా అని ఎక్కగానే చూసుకోవాలి. ఒకే ఇరుకు మెట్ల దారి ఉండి, పైన హుక్కా బొగ్గులూ మంట పెట్టే పొయ్యిలూ ఉంటే అక్కడ కూర్చోకుండా తిరిగి వచ్చేయమనే చెబుతాను.

టేబుల్ చెప్పుకునేటప్పుడు ముందువరుస అని స్పష్టంగా అడిగి, వీలైతే మధ్యాహ్నమే ఒకసారి పైకి వెళ్లి ఆ టేబుల్ చూసి రావాలి. పక్కింటివారు కొత్తగా లేపిన అంతస్తు ఆన్‌లైన్ ఫొటోల్లో ఉండదు. మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిస్తే ఆ కట్టడం ఏ వైపున ఉందో, నీళ్లకూ దానికీ మధ్య ఏముందో ఇంటి దగ్గర కూర్చునే తెలుసుకోవచ్చు. మిద్దె నిండా తెల్లటి పెద్ద లైట్లు వేసే చోట రాత్రి దృశ్యం కనబడదు, కళ్లు ఆ వెలుతురుకే అలవాటుపడతాయి.

బిల్లు దగ్గర, మామూలు రెస్టారెంట్‌కు జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకు 18 శాతం. నలుగురు తినే భోజనానికి ఈ తేడా బాగానే తెలుస్తుంది, కనుక రెండు మిద్దెల ధరలు పోల్చేటప్పుడు పన్ను కలిపి పోల్చాలి. కొన్ని చోట్ల మనిషికి ఇంత తక్కువ కాకుండా తినాలని నియమం పెడతారు. అది కూర్చోక ముందే అడగవలసిన మాట. సర్వీస్ చార్జీ పేరుతో వేసేది పన్ను కాదు. దానిని బిల్లులో దానంతట అదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వడ్డించిన కుర్రవాడికి మన చేత్తో ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇచ్చి, ఆ చార్జీ తీసేయమని మర్యాదగా అడగవచ్చు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు, బిల్లు ఫొటో దగ్గర ఉంచుకోవాలి.